ఎలుగు

తెలుగులో 'ఎలుగు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. కంఠస్వరం ఒకటి. 'ఎలుగెత్తి పిలిచింది' అన్నప్పుడు వాడేది అదే. రెండవది భల్లూకం. బ్రౌను దొర నిఘంటువులోనూ ఈ రెండూ కనిపిస్తాయి. వీటి నడుమ వ్యుత్పత్తి సంబంధం ఏమైనా ఉన్నదా అన్న చర్చకు నేను పోను. అది పెద్దల పని. అయితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దాదాపు మూడు దశాబ్దాలు తెలుగు పాఠాలు చెప్పుకున్నవాణ్ణి కనుక ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. చీకటి దారిలో మొదటి ఎలుగు మూగబోయినచోటనే రెండవ ఎలుగు మనిషికి ఎదురుపడుతూ ఉంటుంది.

మన వాఙ్మయంలో ఎలుగుకున్న గౌరవం తక్కువది కాదు. వేదకాలంలో సప్తర్షి మండలాన్ని 'ఋక్షాః' అన్నారు, అంటే ఎలుగుబంట్లు. పూర్వం సప్తర్షులను ఋక్షాలనేవారని శతపథ బ్రాహ్మణం స్పష్టంగానే చెబుతుంది. అదే నక్షత్రాల గుంపును గ్రీకులు కూడా ఎలుగనే పిలిచారు. ఇక జాంబవంతుడి సంగతి చెప్పనక్కర లేదు. హనుమంతుడికి అతని బలాన్ని గుర్తుచేసిన వృద్ధుడు ఆయన. శ్యమంతకమణి కోసం గుహలో శ్రీకృష్ణుడితో ఇరవై ఎనిమిది రోజులు ముష్టియుద్ధం చేసి, చివరకు ఎదుటివాడెవరో గ్రహించి, కూతురినిచ్చి మామగారైనవాడు. 'భల్లూకపు పట్టు' అన్న పలుకుబడిని నేటికీ మొండివాళ్ళ విషయంలో వాడుతూనే ఉన్నాం. పట్టు సంగతి నిజమే గాని, ఎదుటివాడెవరో నిదానించి గుర్తించే ఓర్పు తోటలో తిరిగే ఎలుగుకు ఉండదు.

నా ఈడువారికి మరొక ఎలుగు కూడా జ్ఞాపకం ఉంటుంది. ముక్కుకు తాడు, కాలికి గజ్జె కట్టి వీధివీధికీ తిప్పుకొచ్చే ఆడించేవాళ్ళ ఎలుగు. జడుపు పోతుందని పసివాళ్ళను దాని వీపు మీద కూర్చోబెట్టేవారు. దాని వెంట్రుకను రాగి తాయెత్తులో పెట్టించి మొలకో మెడకో కట్టేవారు. ఆ ఆటలన్నీ 2009 నాటికి దేశంలో దాదాపు ఆగిపోయాయి. ఆగిపోవడం మంచిదే. ఆ మూగజీవం పడిన బాధ ఇంతా అంతా కాదు. కాని ఎలుగంటే తాడుకు లొంగి గంతులు వేసేదన్న భావం ఒకటి మన పట్టణవాసుల మనసుల్లో మిగిలిపోయింది. తోటల పక్కన బతికేవారికి ఆ భావం లేదు.

ఉద్దానమంటే ఉద్యానమే. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మొదలుకొని మందస, పలాస, వజ్రపుకొత్తూరు దాకా సముద్రపు ఒడ్డు వెంట పరచుకొన్న తోటల సీమ. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ. పత్రికలవారికి ఉద్దానమనగానే మూత్రపిండాల వ్యాధి గుర్తుకొస్తుంది. అదొక తీరని దుఃఖం, దాని గురించి మరొకప్పుడు. ఈ తోటల నడుమ అక్కడక్కడా రాతిగుట్టలున్నాయి. పడమట తూర్పు కనుమల కొండలు కనిపిస్తూనే ఉంటాయి. గుట్టల రాతి సందుల్లో ఎలుగుల కాపురం. గుట్ట దిగితే జీడిపండు, పనసపండు, తేనెపట్టు, చెదపుట్ట. దానికి కావలసినవన్నీ తోటలోనే ఉన్నాయి. మనిషికి కావలసినవీ అక్కడే ఉన్నాయి. ఇంతకుమించి పెద్ద కారణాలు వెతకనక్కర లేదు.

దీనిని ఆంగ్లంలో 'స్లాత్ బేర్' అంటారు. స్లాత్ అన్నది దక్షిణ అమెరికాలో చెట్లకు తలకిందులుగా వేలాడే ఒక సోమరి జంతువు. ఈ ఎలుగు పొడవాటి గోళ్ళను చూసి, ఇదీ ఆ జాతిదేనని భ్రమపడి 1791లో జార్జి షా అనే ఆంగ్ల శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. తరువాతివాళ్ళు శాస్త్రనామాన్ని దిద్దారు గాని, వాడుకలో సోమరి పేరు అలాగే నిలిచిపోయింది. నిజానికి దానిలో సోమరితనమేమీ లేదు. నల్లని జూలు, రొమ్ము మీద తెల్లని గుర్రపు నాడా గుర్తు, పుట్టను తవ్వడానికి కొడవళ్ళ వంటి గోళ్ళు. పై దవడలో ముందరి పళ్ళు రెండు ఉండవు. ఆ సందులో నుంచి చెదపురుగులను గాలితో సహా పీల్చుకుంటుంది. ఆ పీల్పు చప్పుడు నిశ్శబ్దమైన వేళ నూరు గజాల దూరానికి కూడా వినిపిస్తుంది. తల పుట్టలో దూర్చి అంత చప్పుడు చేసేదానికి, వెనుక నుంచి వచ్చే మనిషి అడుగుల చప్పుడు ఎలా వినబడుతుంది? దానికి చూపూ అంతంతమాత్రమే. ముక్కు ఒక్కటే చురుకు, గాలి అటు నుంచి వీస్తే ఆ ముక్కూ పనికిరాదు. మనిషి పది అడుగుల దూరానికి వచ్చాక గాని దానికి తెలియదు. తెలిసిన మరుక్షణం అది మీద పడుతుంది.

పారిపోవచ్చు గదా అంటే, ఆ అలవాటు దాని వంశంలో లేదు. అది పులులున్న అడవిలో పుట్టి పెరిగిన జాతి. చెట్టెక్కితే చిరుత వెంబడి ఎక్కుతుంది. పిల్లలను వీపున మోసే తల్లి ఎంత దూరమని పరుగెత్తగలదు? తిరగబడి ముఖం మీద కొట్టడమే దానికి తెలిసిన రక్షణ. పులికి వేసే దెబ్బనే మనకూ వేస్తుంది. మనకు పులికున్నంత తల లేదు. అందుచేతనే ఎలుగు బారిన పడి బతికినవారిలో చాలామందికి కన్నో, ముక్కో, చెవో, దవడో పోయి ఉంటుంది. వాళ్ళు తువ్వాలును తలపాగాగా చుట్టుకునే తీరు వేరుగా ఉంటుంది. ఉద్దానంలో దానిని చూడగానే గుర్తుపడతారు.

ఇద్దరు స్నేహితులూ ఎలుగుబంటీ అన్న నీతికథ ఎరుగనివారుండరు. ఒకడు చెట్టెక్కుతాడు. రెండవవాడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటాడు. ఎలుగు వచ్చి వాసన చూసి పోతుంది. 'నీ చెవిలో ఏం చెప్పింది?' అంటే, 'ఆపదలో విడిచిపోయేవాణ్ణి నమ్మవద్దంది' అంటాడు. ఆ పాఠం చెప్పిన ఒకరోజున, ఏడవ తరగతి పిల్లవాడొకడు లేచి నిలబడి, 'చచ్చినట్టు తొంగుంటే ఎలుగు నిజింగా ఒగ్గేస్తాదా మాస్టారూ? మా తాతని ఒగ్గనేదు' అన్నాడు. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. నేను స్నేహధర్మం గురించి చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పి, ఆ ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళాను.

తాత అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచు తాడు పేనుతున్నాడు. ఎడమ చెవి లేదు. ఎడమ కంటి రెప్ప కుట్లతో ముడుచుకుపోయి ఉంది. అడిగితే దాచకుండా చెప్పాడు. చీకటితోనే తోటకు నీరు కట్టడానికి పోయాడట. 'పుట్ట కాడ తలకాయి లోపలెట్టి బుస్సుబుస్సుమంటంది. నాను దాన్ని సూణ్ణేదు, అది నన్ను సూణ్ణేదు. దాని మీదికే ఎల్లిపోనాను బాబూ.' మొదటి దెబ్బకు వెల్లకిల పడ్డాడు. కేకలు వేస్తూ కాళ్ళతో తన్నాడు. తన్నినకొద్దీ అది రెచ్చిపోయింది. ఎప్పుడు బోర్లా తిరిగాడో, ఎప్పుడు కేక ఆగిపోయిందో తనకే తెలియదు. ఆ తరువాత భుజం మీద రెండుసార్లు కరిచి, కాసేపు అక్కడే నిలబడి, అది తన దారిన పోయింది.

కథ తెలిసినవాడే. మనవడు ఇంట్లో పాఠం చదువుతూంటే వినే ఉంటాడు. నేను లేవబోతూంటే తాడు పేనడం ఆపకుండానే, 'నా సెవిలో అది ఏటీ సెప్పనేదు బాబూ. సెవే అట్టుకుపోనాది' అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నాకు చెవిలో మోగుతూనే ఉంటుంది. అయితే ఆయన చెప్పినదానిలో గమనించవలసిన విశేషం ఒకటుంది. బోర్లా పడి కదలిక మానిన తరువాత అది వదిలిపోయింది. మన ఎలుగుల దాడులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు నేడు ఇస్తున్న సలహా కూడా దాదాపు ఇదే. అది మీద పడిందంటే బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్ళూ మెడ వెనుక పెనవేసి, ముఖాన్నీ మెడనూ కాపాడుకోవాలంటారు. అది తినడానికి వచ్చినది కాదు, భయపడి వచ్చినది. భయం తీరితే పోతుంది. అన్నివేళలా పోతుందని ఎవరూ పూచీ పడలేరు. అవిభక్త మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 వరకు అయిదేళ్ళలో ఎలుగుల బారిన పడినవారు 735 మంది అని ఒక అధ్యయనం లెక్క కట్టింది. అందులో చనిపోయినవారు 48 మంది. అంటే పదిహేనుగురిలో పద్నాలుగురు బతికారు. బతికిన ఆ పద్నాలుగురి ముఖాలు ఎలా ఉంటాయో లెక్కలో కనిపించదు.

మా ఉద్దానం లెక్క కూడా చెప్పాలి. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి ఇద్దరు బలయ్యారు, మరికొందరు గాయపడ్డారు. ఊరివాళ్ళు దానిని కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఒకరిని చంపి పలువురిని గాయపరిచిన ఎలుగును మత్తుసూది వేసి పట్టుకున్నారు. విశాఖ జంతుప్రదర్శనశాలకు తరలించబోగా అది చనిపోయింది. 2024 మార్చిలో అదే మండలంలోని అనకాపల్లి అనే పల్లెలో (జిల్లా కేంద్రమైన అనకాపల్లి కాదు) జీడితోటలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారెవరూ వేటకు పోయినవారు కారు, విహారానికి పోయినవారూ కారు. పనిపాటల మధ్య, తమ ఊరి పొలిమేరలోనే పోయారు.

2019లో మా అబ్బాయి ఉండే న్యూజెర్సీకి మేమిద్దరం వెళ్ళినప్పుడు, వాళ్ళ ఇంటికి దగ్గరలోని వనంలో ఉదయపు నడకకు పోయేవాళ్ళం. దారి మొదట్లో ఎలుగు బొమ్మతో ఒక హెచ్చరిక పలక ఉండేది. అబ్బాయి దానిని చదివి, 'నాన్నగారూ, మీ పాఠం ఇక్కడ పనికిరాదు. ఇక్కడ పడుకోకూడదు' అన్నాడు. పరుగెత్తకూడదు, గట్టిగా అరవాలి, చేతులు పైకెత్తి పెద్దగా కనిపించాలి, మీద పడితే చేతికందిన రాయితోనో కర్రతోనో ఎదురు కొట్టాలి. మన దగ్గర చెప్పేదానికి సరిగ్గా విపర్యయం.

దీనికి కారణమేమిటా అని తరువాత వెతికి చదివాను. అక్కడి నల్ల ఎలుగు జాతి వేరు. సంఖ్యలో లక్షలు. దాని స్వభావం పిరికిది. మనిషి అలికిడికే చెట్టెక్కేస్తుంది. స్టీఫెన్ హెరెరో అనే కెనడా శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2011లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 1900 నుంచి 2009 వరకు నూట పదేళ్ళలో అమెరికా, కెనడా దేశాలలో అడవిలో తిరిగే నల్ల ఎలుగులు చంపినవారు 63 మంది మాత్రమే. అంత పెద్ద ఖండంలో సగటున ఏడాదికి ఒక్కరు కూడా లేరు. కాని ఆ చావులలో నూటికి ఎనభై ఎనిమిది ఆహారం కోసం జరిగినవని ఆయన తేల్చాడు. అలా వేటాడినవి చాలావరకు ఒంటరి మగ ఎలుగులు. పిల్లల తల్లులు కావు. చప్పుడు లేకుండా వెంబడిస్తాయి. అటువంటిదాని ముందు చచ్చినట్టు పడుకోవడమంటే విస్తరి వేసి కూర్చోబెట్టినట్టే.

2014 సెప్టెంబరులో ఆ న్యూజెర్సీలోనే, వెస్ట్ మిల్‌ఫర్డ్ దగ్గరి అడవిలో, విశ్వవిద్యాలయంలో చదువుకునే భారత సంతతి యువకుడు ఒకడు నల్ల ఎలుగు చేతిలో చనిపోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. ఆ రాష్ట్రంలో ఎలుగు వల్ల నమోదైన మొదటి మరణమది. అయిదుగురు స్నేహితులు నడకకు పోయారు. ముందు ఎలుగు ఉన్నది, వెనక్కు పొండని ఎదురు వచ్చినవారు హెచ్చరించారు. పిల్లలు ఫొటోలు తీశారు. అది వెంబడించింది. అందరూ తలొక వైపుకు పరుగెత్తారు. నలుగురు బయటపడ్డారు. అది చదివినప్పుడు నాకు నీతికథలోని చెట్టెక్కిన స్నేహితుడు గుర్తుకొచ్చిన మాట నిజం, కాని ఆ నలుగురిని వాడితో పోల్చడం అన్యాయమవుతుంది. ఎలుగు వెంటపడితే పరుగు మనసు అనుమతి కోసం ఆగదు. మాట పెగిలించుకుని ఒకచోట గుమిగూడి నిలబడాలంటే, ఆ సంగతి ఎవరో ముందే, ఇంట్లో, అన్నం తినేటప్పుడు చెప్పి ఉండాలి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు పిల్లలకు కారు నడిపే నియమాలన్నీ నేర్పుతారు. వారాంతాల్లో కొండదారులు పట్టేముందు ఇదీ నేర్పాలని నా మనవి.

అక్కడ అడవికి పోవడం ఇష్టం మీద జరిగేది. ఆదివారం వర్షం పడితే మానుకోవచ్చు. ఉద్దానంలో మానుకోవడానికి వీలులేదు. అసలు చీకటిలో ఎందుకు పోతారని పట్నం బంధువులు నన్నడుగుతూంటారు, తెల్లవారాక పోవచ్చు గదా అని. జీడిపిక్క రాత్రి రాలుతుంది. తెల్లారేసరికి తోటలో ఉండకపోతే ఆ రాలిన పిక్క మనది కాదు. ఎనభై కిలోల బస్తా లెక్కన అమ్ముకునే సరుకు అది. గంట ఆలస్యమైతే ఎన్ని గుప్పెళ్ళు ఎవరి సంచిలో పడతాయో ఎవరికి తెలుసు? పైగా మార్చి, ఏప్రిల్ ఎండల్లో పది దాటితే వంగి ఏరడం ముసలివాళ్ళ వల్ల కాదు. సరిగ్గా ఆ నెలల్లోనే, ఆ వేళలోనే, ఎలుగు కూడా రాత్రంతా రాలిన జీడిపండ్లు తిని గుట్టకు తిరుగుముఖం పడుతుంది. పిక్క మనిషికి, పండు దానికి. పంపకంలో తగాదా లేదు, వేళలోనే ఉంది.

ఎలుగులన్నిటినీ పట్టి దూరపు అడవుల్లో వదలాలని ప్రతి చావు తరువాతా కోరుతుంటారు. కడుపు మండినవారి మాటను తప్పుపట్టలేను. అయితే పులితో సమానంగా చట్టం రక్షించే జీవమది, ఎవరికి తోచినట్టు వారు పట్టుకుపోవడానికి వీల్లేదు. పట్టినదాని గతి 2022లో చూశాం. కర్ణాటకలో హంపీ దగ్గర దరోజీలో 1994 నుంచి ఎలుగుల కోసమే ఒక అభయారణ్యం నడుస్తున్నది. అటువంటిది ఇక్కడ గుట్టల మీద కుదురుతుందా అంటే, గుట్ట చుట్టూ నాలుగు వైపులా పల్లెలే ఉన్నాయి. గుట్ట మీద పండు చెట్లు పెంచి, నీటి తొట్టెలు కట్టి, దానిని పైననే ఉంచగలిగితే కొంత మేలేమో. ఆ పని మత్తుసూదుల కంటె చవక. కాని చెట్టు కాయడానికి ఏళ్ళు పడుతుంది, పత్రికలో వార్త మూడో రోజుకు పాతబడుతుంది.

మొదట చెప్పిన మొదటి ఎలుగు సంగతికి వస్తాను, అంటే కంఠానికి. నేను కొత్తగా ఆ ఊరికి వెళ్ళిన రోజుల్లో, తెల్లవారుజామున నాలుగున్నరకు తోటల వైపు నుంచి ఆడవాళ్ళ మాటలు ఊరంతా వినిపించేవి. 'ఓలప్పా, ఒచ్చీసినావేటి?' అని ఒకామె, 'ఒస్తన్నానే, ముందలెల్లకు' అని మరొకామె. పాటలు, దగ్గులు, అత్తల మీద ఫిర్యాదులు. ఇదేమి గోల, నిద్ర పట్టనీయరని మా ఆవిడ మొదట్లో విసుక్కునేది. ఆ గోల ఎందుకో పక్కింటి ముసలమ్మ చెప్పింది: 'మనం ఒస్తన్నట్టు దానికి తెల్వాల గదమ్మా!' ఎలుగుకు ముందుగా తెలిస్తే అదే పక్కకు తప్పుకుంటుంది. దానికీ తగాదా అక్కరలేదు. శాస్త్రజ్ఞులు ఇప్పుడు కరపత్రాల్లో వేస్తున్నదీ ఇదే: గుంపుగా వెళ్ళండి, మాట్లాడుతూ వెళ్ళండి, చేతికర్రతో నేలను తాటిస్తూ వెళ్ళండి. 2023లో తిరుమల కాలిబాటలో చిరుత పసిపాపను పొట్టన పెట్టుకున్న తరువాత భక్తులకు చేతికర్రలు పంచినప్పుడు దేశమంతా పరిహాసం చేసింది. మా ఉద్దానంలో ఎవరూ నవ్వలేదు. కర్ర కొట్టడానికి అక్కరకు రాకపోయినా చప్పుడు చేయడానికి వస్తుంది.

ఈ మధ్య ఆ ఊరు వెళ్ళాను. అయిదింటికి లేచి అరుగు మీద కూర్చుంటే తోటల వైపు నుంచి మాటలు వినిపించలేదు. కుర్రవాళ్ళు ఒక్కొక్కరుగా, చెవుల్లో తీగలు పెట్టుకుని, సెల్లులో పాటలు తాము మాత్రమే వింటూ పోతున్నారు. ఎదుటి అలికిడి వాళ్ళకు వినబడదు, వాళ్ళ అలికిడి ఎదుటిదానికి వినబడదు. ఏడవ తరగతిలో నన్ను ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. తాత తోట వాడిదే. పలకరించి అడిగాను, నువ్వెలా వెళుతున్నావురా అని. సైకిలు పక్కన ఆపి చూపించాడు. హేండిలుకు రెండు ఖాళీ రేకు డబ్బాలు తాడుతో వేలాడుతున్నాయి. సీటు కింద ఒక చేతిలైటు, వెనుక తాటాకు బుట్ట.

'సైకిలాపేసినాక ఏటి సేస్తావురా? తోటలో డబ్బాలు మోగవు గదా' అన్నాను, వాడి యాసలోనే.

'మీరు నేర్పిన పద్యాలున్నాయి కదండి మాస్టారూ' అన్నాడు నవ్వుతూ. 'కరెస్టుగా రావు గాని, గట్టిగా సదువుతాను.'

డబ్బాలు గలగలమంటూ సైకిలు తోటదారి పట్టింది. పడమటి గుట్ట మీద ఇంకా చీకటిగానే ఉంది.